కూర్చుంటే రాని జవాబు

మా అమ్మమ్మ మరిడమ్మ గొప్ప భక్తురాలని మా మిషను గుడిలో అందరూ చెప్పుకుంటారు. ఆవిడతో ఒకే పాకలో పెరిగినవాణ్ణి, నాకు తెలిసిన నిజం వేరు. ఆవిడ భయస్తురాలు. బల్లికి భయం, ఉరుముకి భయం, లాకు తలుపులు ఎత్తినప్పుడు కాలవలో లేచే హోరుకి భయం. నెత్తిన చేపల గంప పెట్టుకుని వశిష్ఠ గోదావరి గట్టు మీద ఆరు మైళ్ళు ఒంటరిగా నడిచే మనిషి, గోడ మీద బల్లి కనబడితే నన్ను కేకేసేది. నేను దాన్ని చీపురుతో తోలేసి, ఇంకా చూరులోనే ఉందని చెప్పేవాణ్ణి. లేకపోయినా చెప్పేవాణ్ణి. ఆ పాపం ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

ఇంత భయస్తురాలు ఒక శనివారం పొద్దున చేసిన పని ఇది. ఆవిడ చెప్పిన ప్రతిసారీ ఒకటి రెండు సంగతులు మారేవి. ఒకసారి మిషను దొరగారి గడ్డం ఎర్రగా ఉండేది, ఒకసారి తెల్లగా ఉండేది. భయం మాత్రం ఎప్పుడు చెప్పినా ఒక్కలాగే ఉండేది.

ధవళేశ్వరం ఆనకట్ట కట్టి ఇరవై ఏళ్ళు దాటిన రోజులవి. మా ఊరు రెల్లుపాలెం. సిద్ధాంతం రేవుకు దిగువన, నదికీ కాలవకీ మధ్య ఇరుక్కున్న చేపలవాళ్ళ పాలెం. ఊరి దేవత మరిడమ్మ. వాంతిబేదిని తెచ్చేదీ ఆవిడే, వెనక్కి తీసుకుపోయేదీ ఆవిడే అని నమ్మకం. మా అమ్మమ్మ పుట్టిన ఏడు ఆ జబ్బు పాలెంలో సగం ఇళ్ళు ఖాళీ చేసిందట. ఈ పసిదాన్నైనా వదిలెయ్యి తల్లీ అని మొక్కుకుని, పిల్లకు దేవత పేరే పెట్టేశారు. అంటే ఆవిడకు పేరు పెట్టింది కూడా భయమే.

మా తాతయ్య పేరు బుల్లియ్య. పడవ మీద రాజమండ్రి వెళ్ళి వస్తూ అక్కడి లూథరన్ మిషను వాళ్ళ మాటలు విన్నాడు. ఒక ఏడు విన్నాడు, రెండో ఏడు బాప్తిస్మం తీసుకుని అబ్రహాముగా తిరిగొచ్చాడు. మిషను వాళ్ళు కాలవ గట్టు మీద తాటాకులతో ఒక ప్రార్థన ఇల్లు వేసి, సామ్యేలు గారనే ఉపదేశిని పెట్టారు. ఉపదేశి అంటే వారమంతా పిల్లలకు అక్షరాలు, పెద్దలకు ప్రశ్నోత్తరి చెప్పి, ఆదివారం ఆరాధన నడిపే మనిషి. ప్రశ్నోత్తరి అంటే అరచేతిలో పట్టే చిన్న పుస్తకం. పది ఆజ్ఞలు, విశ్వాస ప్రమాణం, ప్రభువు నేర్పిన ప్రార్థన, బాప్తిస్మం, పాపాలు ఒప్పుకోవడం, ప్రభువు బల్ల అనే రొట్టె, ద్రాక్షరసాల విందు: ఒక్కోదాని మీదా ప్రశ్నలు, ఒక్కోదానికీ జవాబులు. ఆ జవాబులు నోటికి వస్తేనే మిషను దొరగారు బాప్తిస్మం నీళ్ళు పోస్తారు. దొరగారు రాజమండ్రి నుంచి పడవలో ఏడాదికి ఒక్కసారే వస్తారు.

తాతయ్య బాప్తిస్మం తీసుకున్నప్పుడు అమ్మమ్మ కడుపుతో ఉంది.

"నువ్వూ రావే" అన్నాడట.

"నా పేరే ఆవిడది. ఆవిణ్ణి వదిలేసి వస్తే కడుపులోదాన్ని ఉండనిస్తుందా?" అందట ఈవిడ.

అలాగని మొగుణ్ణి ఒంటరిగా పంపడానికీ భయమే. అందుకని ప్రతి ఆదివారం వెంట వెళ్ళి, ప్రార్థన ఇంటి గడప పక్కన, లోపలా కాకుండా బయటా కాకుండా కూర్చునేది. లోపలి దేవుడికి కోపం రాకుండా ఒక కాలు, బయటి దేవతకు కోపం రాకుండా ఒక కాలు. అలా నాలుగేళ్ళు గడిపేసింది. ఈ మధ్యలో మా అమ్మ రత్తమ్మ పుట్టింది. బొడ్డు ఊడిన దగ్గర్నుంచి మా అమ్మకూ ఆదివారం అంటే ఆ గడపే.

నాలుగో ఏడు వానాకాలంలో వాంతిబేది మళ్ళీ వచ్చింది. పొద్దున వల భుజాన వేసుకుని వెళ్ళిన తాతయ్యను మధ్యాహ్నం మంచం మీద మోసుకొచ్చారు. పొద్దు గూకేసరికి లేడు.

అప్పుడు పల్లంరాజు వచ్చాడు. తాతయ్యకు స్వయానా అన్న, పాలెం పెద్ద. మా వాళ్ళలో తమ్ముడి పెళ్ళాంతో బావగారు ఎదురెదురుగా మాట్లాడడు. ఆవిడా మాట్లాడదు. అందుకని ఆయన పాక ముందు నిలబడి, అక్కడున్న ఉపదేశి సామ్యేలు గారితో మాట్లాడుతున్నట్టు గోడతో మాట్లాడాడు.

"రత్తమ్మ మా రక్తం. దాని తల్లి చూస్తే ఎటూ కాదు. అటు మీ నీళ్ళూ పుచ్చుకోలేదు, ఇటు అమ్మవారికి కోడీ కొయ్యలేదు. ఎటూ కానిదాని చేతిలో పిల్లని ఎలా ఉంచుతామండి?"

"ఆవిడ నీళ్ళు పుచ్చుకుంటుందండి. పిల్లకీ పోయిస్తాం. అప్పుడు ఇద్దరూ మా సంఘం మనుషులే కదండీ" అన్నారు సామ్యేలు గారు. అమ్మమ్మను అడగకుండానే అనేశారు.

"ఎప్పుడు?"

"దొరగారి పడవ రాగానే. రెండు నెలలు."

పల్లంరాజు మళ్ళీ గోడకేసి తిరిగాడు. "సరే. దొర నీళ్ళు పోస్తే నేను మారు మాట్లాడను. పొయ్యకపోతే మాత్రం ఆ రోజే పిల్లని ఎత్తుకుపోతాను. జాతరలో దానికి తలనీలాలు తీయించి అమ్మవారి కాళ్ళ దగ్గర పడుకోబెట్టాలి. తమ్ముణ్ణి ఎలాగూ తీసుకుంది. దీన్నైనా మిగల్చమని అడగాలి." ఆయన చెడ్డవాడు కాదు. ఆయనదీ భయమే.

లోపల అమ్మమ్మ పిల్లను ఒళ్ళో అదిమిపెట్టుకుని కూర్చుంది. నీళ్ళు పుచ్చుకుంటే దేవత పిల్లను తీసుకుపోతుంది. పుచ్చుకోకపోతే బావగారు తీసుకుపోతాడు. ఆ రాత్రే ఆవిడ తేల్చుకుందట. దేవతను కళ్ళతో చూడలేదు, బావగారిని చూసింది. చూసినవాడి చేతికి బిడ్డను ఇవ్వకూడదు.

సామ్యేలు గారు మర్నాడే పాఠం మొదలెట్టారు. అరుగు మీద ఆయన, చాప మీద ఈవిడ.

"మరిడమ్మా, మొదటి ఆజ్ఞ చెప్పు."

"చెప్పండి."

"నేను చెప్పడం కాదమ్మా. నువ్వు చెప్పాలి."

"మీరు చెప్తే వింటానండి."

ఆ పుస్తకంలో ఒక్కో ఆజ్ఞకూ అర్థం చెప్పేటప్పుడు, మనము దేవునికి భయపడి ఆయనను ప్రేమించవలెను అని మొదలవుతుంది. భయపడి అనేదాకా అమ్మమ్మకు ఇట్టే వచ్చేది.

"దేవునికి భయపడి..."

"ఆపైన?"

"భయపడి..."

"ఆపైన ఏంటమ్మా?"

"ఆపైన ఇంకా భయమేస్తుందండి."

నెలన్నర గడిచింది. ఒక్క ముక్క నిలవలేదు. ఈవిడ చాప మీద కూర్చోగానే బుర్ర నీళ్ళు కారిపోయిన కుండ అయిపోయేది. సామ్యేలు గారు రెండుసార్లు పుస్తకం నెత్తికేసి కొట్టుకున్నారు. ఆయన నెత్తికేలెండి.

విచిత్రం ఏమిటంటే, ఇదే మనిషి ఆదివారం ఆరాధనలో అన్నీ చెప్పేది. లేచేచోట లేచేది, మోకరించేచోట మోకరించేది, నలభై గొంతుల్లో తనదీ ఒకటిగా మొదటి నుంచి చివరిదాకా తడబాటు లేకుండా చెప్పేది. అది ఎవరూ పట్టించుకోలేదు. ఆవిడా పట్టించుకోలేదు. ఆదివారం చెప్పేది దేవుడికి, మంగళవారం చెప్పేది ఉపదేశికి. రెండూ ఒకటేనని ఆవిడకు ఎవరూ చెప్పలేదు.

ఇక్కడ మా పాలెం కట్టు ఒకటి చెప్పాలి. వల వెయ్యడానికి ముందు మనిషి చీలమండ లోతు నీళ్ళలో నిలబడి గంగమ్మకు నాలుగు మాటలు చెప్పుకుంటాడు. ఆ మాటలు కూర్చుని చెప్పడం మా వంశంలో లేదు. చెప్తున్నంతసేపూ ఆ మనిషిని ఎవరూ ముట్టుకోరు, పిలవరు, కదిలించరు. మొక్కు మధ్యలో తెంపితే, తెంపినవాడి వల ఆ ఏడంతా ఖాళీగా వస్తుందని నమ్మకం. పుట్టిన దగ్గర్నుంచి ఇది చూసిన మనిషిని చాప మీద కూర్చోబెట్టి దేవుడి మాటలు చెప్పమంటే ఎక్కణ్ణుంచి వస్తాయి? ఈ సంగతి నేను ఇప్పుడు తెలివిగా రాస్తున్నాను గానీ, ఆ రోజు ఈవిడకూ తెలియదు, సామ్యేలు గారికీ తెలియదు. ఆయన మెట్టప్రాంతం మనిషి.

శుక్రవారం సాయంత్రం దొరగారి పడవ వచ్చింది. గట్టు మీద నలుగురు తాడు పట్టి లాగుతుంటే తెల్లగుడ్డ కప్పుతో మెల్లగా వచ్చి ప్రార్థన ఇంటి ఎదుట ఆగింది. అమ్మమ్మ ఆ రాత్రి అన్నం తినలేదు.

శనివారం పొద్దున్నే పరీక్ష. బాప్తిస్మం కోరినవాళ్ళు తొమ్మిది మంది. పల్లంరాజు అందరికంటే ముందే వచ్చి గడప బయట నిలబడ్డాడు. తలపాగా చుట్టుకుని, కర్ర పట్టుకుని వచ్చాడు. మా అమ్మకు బెల్లం ముక్క ఇచ్చి భుజానికెత్తుకున్నాడు. బెల్లం చేతికొస్తే మా అమ్మ ఎవరి భుజమైనా ఎక్కుతుంది, ఇప్పటికీ అంతే. ఆ భుజం మీది నుంచి అది లోపలున్న అమ్మమ్మకు చెయ్యి ఊపుతోంది.

దొరగారు తాడిచెట్టంత మనిషి. కళ్ళు గాజు గోళీల్లా ఉండేవట. తెలుగు పుస్తకాల్లో నేర్చుకున్నారు కాబట్టి పుస్తకంలాగే మాట్లాడేవారు.

"అమ్మలారా, అయ్యలారా, చాపల మీద సుఖముగా కూర్చుండుడి. భయపడకుడి" అన్నారు.

పాపం, దయతోనే అన్నారు. ఆ దయే ఈవిడ కొంప ముంచింది.

ముందు అచ్చిబాబు అనే పాలేరును అడిగారు. అతను ఇసుక జారినట్టు చెప్పుకుపోయాడు. అడిగినదానికి జవాబు చెప్పి, అడగబోయేదానికీ చెప్పి, ఆపండి అనేదాకా చెప్పాడు. ఒకరి తరువాత ఒకరు ఎనిమిది మందీ గట్టెక్కారు. ఒక్కొక్కరు అయిపోతున్నకొద్దీ గోదావరి పోటు ఒక్కో మెట్టూ ఎక్కి వస్తున్నట్టు అనిపించిందట ఈవిడకు.

"అమ్మా, విశ్వాస ప్రమాణము చెప్పుము."

అమ్మమ్మ నోరు తెరిచింది. గాలి తప్ప ఏమీ రాలేదు.

"పోనిమ్ము. ప్రభువు నేర్పిన ప్రార్థన?"

ఏమీ లేదు. చెవుల్లో లాకు హోరు.

"ఒక్క ఆజ్ఞ. ఏదైనను ఒక్క ఆజ్ఞ."

"భయపడి..." అంది అమ్మమ్మ. అక్కడే ఆగిపోయింది.

ఉపదేశి గారు పక్కన నిలబడి చెమటలు తుడుచుకుంటున్నారు. దొరగారు నిట్టూర్చి, తన చిట్టాలో ఏదో రాసుకున్నారు. "విచారపడకుము, తల్లీ. వచ్చే సంవత్సరము మరల అడుగుదును" అన్నారు.

వచ్చే సంవత్సరం. దొరగారికి అది పన్నెండు నెలలు. బయట పల్లంరాజుకు ఇప్పుడే.

"విన్నావుగా, బుజ్జమ్మా. పద, ఇంటికి పోదాం" అని పిల్లతో అంటూ ఆయన వెనక్కి తిరిగాడు. మా అమ్మ చేతిలో బెల్లం కింద పడిపోయింది. "అమ్మా!" అని ఒక్క అరుపు అరిచింది.

అమ్మమ్మ లేచి నిలబడింది. పరిగెత్తి పిల్లను లాక్కుందామనే లేచింది గానీ, కాళ్ళు నిటారుగా అవగానే నోట్లోంచి మాట వచ్చేసింది.

"సర్వశక్తిగల తండ్రియైన దేవుని నమ్ముచున్నాను..."

తన గొంతే తనకు వినబడి ఉలిక్కిపడిందట. కానీ ఆగలేదు. ఆదివారం ఆ మాటలు నిలబడి చెప్తారు. నిలబడింది కాబట్టి వచ్చాయి. ఒక మాట వెనక ఒక మాట, వల తాడుకు కట్టిన బెండుల్లా బయటికి వస్తూనే ఉన్నాయి.

గట్టు మీద పల్లంరాజు అడుగు ఆగిపోయింది. నిలబడి దేవుడి మాట చెప్తున్న మనిషి. ఏ దేవుడైతేనేం. ఆయన మెల్లగా వెనక్కి తిరిగి, ఏడుస్తున్న మా అమ్మ నోటి మీద వేలుంచి, "ఉష్. అమ్మ మొక్కులో ఉంది. పిలవకూడదు" అన్నాడు.

విశ్వాస ప్రమాణం చివరి మాటదాకా అయిపోయింది. దొరగారు కళ్ళద్దాలు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు.

"దీని అర్థమేమి?"

"అర్థం నాకు తెలీదండి" అంది అమ్మమ్మ. "ఎందుకు లేచానో అడిగితే చెప్తాను."

"ఎందుకు లేచితివి?"

"నన్ను పుట్టించినాయన. చచ్చి నన్ను విడిపించినాయన. రోజూ నన్ను పిలిచే ఆయన. ముగ్గురూ ఒక్కడేనంటారు ఉపదేశిగారు, అది నాకింకా పట్టుబడలేదండి. వాళ్ళ ఎదట వాళ్ళ పేర్లు చెప్తూ కూర్చుంటామా? మా బావగారి ఎదటే కూర్చోను నేను."

అచ్చిబాబు పక్కున నవ్వి, ఉపదేశి గారి చూపుకు నోరు మూసుకున్నాడు.

"ఆజ్ఞలను గూర్చి?" అన్నారు దొరగారు.

అమ్మమ్మ దబ్బున మోకాళ్ళ మీద పడింది. దొరగారు కంగారుపడి ముందుకొచ్చి రెండు భుజాలూ పట్టి లేవదీశారు. "లెమ్ము, లెమ్ము! మనుష్యుని పాదములకు మ్రొక్కరాదు!"

లేవగానే మాట పోయింది. ఆవిడ మళ్ళీ మోకరించింది. ఆయన మళ్ళీ లేవదీశారు. ఆవిడ మళ్ళీ పడింది. మా అమ్మమ్మ ఈ ఘట్టం చెప్పేటప్పుడు నేను దొరగారిలా ఆవిణ్ణి లేవదీస్తుండేవాణ్ణి, ఆవిడ నన్ను తిడుతూ ఉండేది. అప్పుడు మాత్రం నవ్వు రాలేదట. ఒక్కసారి మాట తెగితే మొక్కు పోయినట్టే, మొక్కు పోతే పిల్ల పోయినట్టే.

మూడోసారికి సామ్యేలు గారికి వెలిగింది. "అయ్యా, వదిలెయ్యండి! ఆవిడ మీకు మొక్కడం లేదండి. ఆదివారం పాపాలు ఒప్పుకునేచోట మేమంతా మోకరిస్తాం కదండీ. ఆవిడ అక్కడుందండి!"

దొరగారు చేతులు వెనక్కి తీసుకున్నారు. అమ్మమ్మ నేల కేసి చూస్తూ ఒప్పుకోలు మాటలన్నీ చెప్పింది. చెప్పి, అడగకుండానే కలిపింది.

"పది ఆజ్ఞలూ వరసగా రావండి నాకు. తప్పానని మాత్రం తెలుసు. నిన్నటి చేపల మొప్పలకి నెత్తురు పూసి ఈ రోజువని అమ్మాను. పక్కింటోళ్ళ కొత్త పడవ చూసి కడుపు మండిపోయాను. మా ఆయన రమ్మన్నప్పుడు రాకుండా ఇక్కడ గడప దగ్గర కూర్చున్నాను. అందుకేనండి మోకాళ్ళు."

అలాగే మోకాళ్ళ మీద చేతులు జోడించి ప్రభువు ప్రార్థన చెప్పింది. అన్నం అడిగేచోట గొంతు పెద్దదైంది. తరువాత దొరగారు అది ఎందుకని అడిగితే, "మిగతావి ఆయనకు తెలిసినవేనండి. అన్నం సంగతి మరిచిపోతాడేమోనని" అందట.

ఇంకొక్క ప్రశ్న మిగిలింది.

"తల్లీ, బాప్తిస్మము అనగానేమి?"

అమ్మమ్మ లేచింది. రాలేదు. కూర్చుంది. రాలేదు. మోకరించింది. అప్పుడూ రాలేదు. నాలుగేళ్ళలో నీళ్ళు పోసినప్పుడల్లా భయంతో కళ్ళు మూసుకుంది కాబట్టి, దానికి ఒంట్లో ఎక్కడా చోటు లేదు. బయట పల్లంరాజు కర్ర చేతులు మార్చుకోవడం కనిపించింది. ఆవిడ చూపు ఆయన మీది నుంచి గడప మీదికి దిగింది. అక్కడ ఆగిపోయింది.

"ఒక్కసారి బయటికి వెళ్ళి రానా అండి?"

అందరూ ఈవిడ పారిపోతోందనే అనుకున్నారు. నాకూ అదే అనిపించేది, తెలిసిన కథే అయినా.

గడప దాటి ఎండలోకి వెళ్ళింది. ఎదురుగా బావగారు. ముసుగు సర్దుకోలేదు. పెళ్ళై వచ్చాక మొదటిసారి ఆయన ముఖంలోకి చూసింది.

"బావగారూ, పిల్లని ఇవ్వండి. నా మొక్కు ఇంకా అవ్వలేదు."

పల్లంరాజు గోడ కోసం అటూ ఇటూ చూశాడు. గట్టు మీద గోడ లేదు. ఆయనా ఈవిడతోనే మాట్లాడాల్సి వచ్చింది.

"అమ్మవారు ఊరుకుంటుందా, అమ్మాయ్?" అన్నాడు. అది బెదిరింపు కాదు. నిజంగానే అడిగాడు.

"తెలీదండి. నాకూ భయంగానే ఉంది."

ఆయన మా అమ్మను కిందికి దించాడు. అమ్మమ్మ దాని చెయ్యి పట్టుకుని, గడప బయటే నిలబడి కేకేసింది.

"ఉపదేశిగారూ! ఆదివారం మొదలెట్టినట్టు మొదలెట్టండి!"

సామ్యేలు గారు దొరగారి కేసి చూశారు. దొరగారు తల ఊపారు. సామ్యేలు గారు నిటారుగా నిలబడి గొంతు సవరించుకుని అన్నారు. "తండ్రి యొక్కయు, కుమారుని యొక్కయు, పరిశుద్ధాత్మ యొక్కయు నామమున."

"ఆమేన్" అంది మా అమ్మ. మూడేళ్ళ పిల్ల, ముఖమంతా బెల్లం. ఆ మాట వినబడితే ఆమేన్ అనాలని దానికి తెలుసు. అంతకుమించి తెలియదు.

అమ్మమ్మ పిల్లతో సహా గడప లోపలికి అడుగుపెట్టింది.

"ఇదేనండి బాప్తిస్మం. ఆరాధనకి మొదట చెప్పే ఈ పేరే. ఈ పేరు మీదే మా ఆయనకి నీళ్ళు పోశారు. ప్రతి ఆదివారం ఈ పేరు చెప్పగానే ముందు కూర్చున్నవాళ్ళంతా మళ్ళీ ఆ నీళ్ళలో తడుస్తారు. నేను గడప దగ్గర పొడిగా కూర్చునేదాన్ని. నాలుగేళ్ళండి. చేపల మనిషిని, ఒడ్డున పొడిగా ఎన్నాళ్ళు ఉంటాను?"

దొరగారు బల్ల మీద ప్రశ్నోత్తరి ఒకవైపు, ఆరాధన క్రమం ఒకవైపు తెరిచి పెట్టుకున్నారు. ఒక వేలు దీని మీద, ఒక వేలు దాని మీద. నామం ఇక్కడుంది, బాప్తిస్మం అక్కడుంది. ఒప్పుకోలు ఇక్కడ, ఆజ్ఞలు అక్కడ. ప్రమాణం, ప్రార్థన రెండింట్లోనూ. వేళ్ళు అలా జరుగుతూ పోయాయి. ఆ పుస్తకాలు రెండూ ముప్పై ఏళ్ళుగా ఆయన చేతుల్లోనే ఉన్నాయి.

"సామ్యేలూ, ఈమెకు ఏ విధముగా నేర్పితివి?"

"నేను నేర్పలేదండి" అన్నారు సామ్యేలు గారు. నిజాయితీపరుడు. "నా దగ్గర ఈవిడకి ఒక్క ముక్క రాలేదండి. ఆదివారమే నేర్పింది."

"మరి ప్రభువు బల్లను గూర్చి, తల్లీ?"

"అది తెలీదండి. బల్ల వేళకి నన్ను బయటికి పంపేసేవారు" అంది అమ్మమ్మ. "వచ్చే ఏడు చెప్తాను."

దొరగారు తన చిట్టాలో ఇందాక రాసింది కొట్టేశారు.

మర్నాడు ఆరాధనలో తల్లికీ పిల్లకూ నీళ్ళు పోశారు. అమ్మమ్మకు మార్త అని కొత్త పేరు పెట్టారు, కానీ చచ్చేదాకా ఎవరూ ఆ పేరుతో పిలవలేదు. తల మీద నీళ్ళు పడుతున్నప్పుడు ఆవిడకు ఆనందమేమీ కలగలేదట. పిల్ల చెయ్యి గట్టిగా పట్టుకుని, ఇప్పుడు ఏమవుతుందో, ఇప్పుడు ఏమవుతుందో అనుకుందట. ఏమీ అవలేదు. తరువాత రెండు వానాకాలాలు, పిల్లకు కడుపునొప్పి అంటే చాలు, వాంతిబేదే అనుకునేది. అలాంటప్పుడు లేచి నిలబడేది. నిలబడి ప్రమాణం చెప్పుకునేది. భయం పోయిందా అని అడిగితే, "పోలేదురా. పక్కన ఇంకొకరు నిలబడినట్టు ఉండేది" అనేది.

పల్లంరాజు మాట మీద నిలబడ్డాడు. గడప మాత్రం ఎన్నడూ దాటలేదు. కానీ ఆదివారం పొద్దున్న వల ఆరబెట్టుకునే నెపంతో గట్టు మీదికి వచ్చేవాడు. నామం చెప్పగానే తలపాగా తీసేవాడు. ఆమేన్ అయ్యాక పెట్టుకుని వెళ్ళిపోయేవాడు. నా చిన్నప్పుడు కూడా ఆయన అలా రావడం నాకు గుర్తు.

ఇక నా సంగతి. నాకు పన్నెండో ఏడు వచ్చాక, ప్రభువు బల్లలో చేరడానికి ముందు నాకూ ప్రశ్నోత్తరి పరీక్ష పెట్టారు. నేను చాప మీద కాళ్ళు చాపుకుని కూర్చుని, మొదటి ప్రశ్న నుంచి ఆఖరి ప్రశ్న దాకా అచ్చిబాబు లాగా ఇసుక జారినట్టు చెప్పేశాను. అందరూ భేష్ అన్నారు. ఇంటికొచ్చి అమ్మమ్మ దగ్గర గొప్పలు పోయాను.

"ఏదీ, లేచి చెప్పు" అంది.

"చెప్పాను కదే, అమ్మమ్మా."

"కూర్చుని చెప్పావు. అది పంతులుగారికి. లేచి చెప్పు."

నవ్వుతూ లేచాను. ఆవిడా లేచి నా ఎదురుగా నిలబడింది, ముగ్గుబుట్ట లాంటి తలతో, వణికే కాళ్ళతో. ఆవిడ నన్ను చూడడం లేదు. నా వెనక ఎవరో ఉన్నట్టు చూస్తోంది. నేను నోరు తెరిచాను. ఎవరికి చెప్తున్నానో ఒక్కసారిగా తెలిసినట్టయింది. ఒక్క ముక్క రాలేదు.

"భయమేస్తోందే, అమ్మమ్మా" అన్నాను.

"ఆఁ" అంది ఆవిడ, మొదటిసారి నన్ను మెచ్చుకుంటూ. "మొదటి మాట వచ్చింది. ఆపైన చెప్పు."